గుంత నిండిపోతుందని మామయ్య లెట్రిన్‌కి పోవట్లేదు, రెండో గుంత తవ్వించాలా?

పల్నాటి కోడలు:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. నల్లరేగడి నేల, పత్తీ మిరపా వేస్తాం. ఇంట్లో అత్తయ్య, మామయ్య, మా ఆయన, మరిది, నేను, మూడేళ్ళ బాబు. 2018లో స్వచ్ఛ భారత్ కింద పెరట్లో లెట్రిన్ కట్టారు. కాంట్రాక్టరు ఎవరో ఊరంతటికీ ఒకేసారి రింగులు దించి, గుంతలు తవ్వించి, వారం తిరక్కుండా వెళ్ళిపోయాడట. నేను కాపురానికి వచ్చేసరికి ఆ గదిలో పురుగుమందు డబ్బాలు, మిరపకాయలు ఆరబోసే పట్టాలు, మందు కొట్టే పంపు ఉన్నాయి. అవన్నీ కొట్టంలోకి మార్పించి వాడటం మొదలుపెట్టాను. తర్వాత మోకాళ్ళ నొప్పులు ముదిరి అత్తయ్య కూడా వాడుతున్నారు. మగవాళ్ళు ముగ్గురూ మాత్రం ఇప్పటికీ చెరువు కట్ట వైపే.

మామయ్య మొండిమనిషేం కాదు. ఆయన చెప్పేది ఒకటే మాట: "ఆడవాళ్ళకి ఉంచండమ్మా. మేం కూడా పోతే ఏడాదికే నిండుద్ది. నిండితే ఎవడు తీస్తాడు?" పోయిన వానాకాలం గుంతలో నీళ్ళు ఎదురు తన్ని లెట్రిన్ బేసిన్‌లోకి వచ్చాయి. దాంతో ఆయన మాటే నిజమని ఇంట్లో అందరూ తేల్చేశారు. రెండ్రోజులు నేనూ అత్తయ్యా పక్కింటికి వెళ్ళాం.

నేను డ్వాక్రా గ్రూపు లెక్కలు రాస్తాను. మీటింగులో అడిగితే చాలా ఇళ్ళలో ఇదే సంగతి. ఊరి మొదట్లో బహిరంగ మలవిసర్జన రహిత గ్రామం అని బోర్డు ఉంది. దాని వెనక సందులోకి తెల్లవారుజామున ఎవరూ పోలేరు, కాలు పెట్టే చోటుండదు.

గుంత అంత తొందరగా నిండుతుందా? 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు సిమెంటు రింగులు 5 వేశారు. రెండో గుంత తవ్విస్తే ఈ భయం పోతుందంటున్నారు, నల్లరేగడిలో అది పని చేస్తుందా? చేతిపంపు గుంతకి ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. తాగడానికి క్యాన్ నీళ్ళు తెచ్చుకుంటాం గానీ గిన్నెలు కడగడానికీ స్నానాలకీ అదే. పని తెలిసినవాళ్ళు చెప్పండి. "అవగాహన కల్పించండి" అని మాత్రం రాయొద్దు. అవగాహన మా మామయ్యకి నాకంటే ఎక్కువే, గోడ మీద రాసిన నినాదాలన్నీ అప్పజెబుతారు.

దివిసీమ రైతు:

అక్కా, మగవాళ్ళ సంగతి నేను చెబుతా. బయటికి పోవడమంటే ఒక్క ఆ పనికే కాదు. దారిలో పొలానికి నీళ్ళు అందాయో లేదో చూస్తాం, ఇద్దరు ముగ్గురు కలుస్తారు, ధర ఎంత పలికిందో తెలుస్తుంది, బీడీ అలవాటున్నవాడు బీడీ కాలుస్తాడు. ఆ నడకని వదులుకుని, చీకట్లో మూడడుగుల గదిలో, నడ్డి వంచి, బయటి నుంచి బకెట్ మోసుకెళ్ళి కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? మా నాన్న కూడా ఇలాగే ఉండేవాడు. గదిలో బల్బు పెట్టించి, లోపలే కుళాయి ఇచ్చి, పట్టుకుని లేవడానికి గోడకి పైపు బిగించాం. ముందు రాత్రిళ్ళు, తర్వాత వానప్పుడు, ఇప్పుడు రోజూ. నడకకి మాత్రం ఇంకా వెళ్తాడు, వెళ్ళనివ్వండి. నడక మాన్పించాలని చూస్తే గొడవవుద్ది.

గుంత సంగతి నాకు అంతగా తెలీదు. మా దగ్గర అయిదడుగులు తవ్వితే నీళ్ళే, మీ బాధ వేరు.

తాపీ మేస్త్రీ, వరంగల్:

చెల్లె, నీ ప్రశ్న బాగుంది. ఈ పని చాలా ఏళ్ళుగా చేస్తున్న కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపికతో చదువు.

ముందు మీ మామ లెక్క సరిచేద్దాం. అడుగున పచ్చి మట్టి వదిలిన ఇంకుడు గుంతలో నీళ్ళు చుట్టూ నేలలోకి పోతాయి, గట్టిది మాత్రమే మిగులుతది. అది కూడా కుళ్ళి కుంచించుకుపోతది. మనిషికి ఏడాదికి మిగిలేది 40, 45 లీటర్లని లెక్క. మీరు ఆరుగురు, పిల్లవాణ్ణి కూడా పెద్దవాడి కిందే వేసుకున్నా 270 లీటర్లు. 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు గుంతలో పట్టేది దగ్గర దగ్గర 1000 లీటర్లు. అంటే అందరూ రోజూ పోయినా మూడేళ్ళు దాటాలె. మీ ఇంట్లో వాడింది ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళతోనే ఇంత తొందరగా నిండడం కుదరదు.

మరి నీళ్ళు ఎదురు ఎందుకు తన్నినయి? గుంత మలంతో నిండలేదు, నీళ్ళు పోక నిండింది. దీనికి కారణాలు మూడు నేను ఎక్కువగా చూస్తుంట. ఒకటి, రింగుకి రింగుకి మధ్య సందులు సిమెంటుతో మూసేయడం. అట్ల మూస్తే అది ఇంకుడు గుంత కాదు, తొట్టి. నీట్‌గా కనబడాలని కొత్త మేస్త్రీలు ఆ పని చేస్తరు. రెండు, అడుగున కాంక్రీటు వేయడం. మూడు, స్నానం నీళ్ళు కూడా అదే గుంతలోకి వదలడం. మనిషికి రెండు బకెట్లేసుకున్నా అయిదారుగురు ఉన్న ఇంట్లో రోజుకి దాదాపు 200 లీటర్లు. ఇసుక నేలైతే ఎట్లనో తాగుద్ది. నల్లరేగడి తాగదు, వాన పడ్డాక ఉబ్బి అస్సలు తాగదు.

కాబట్టి రెండో గుంత తవ్వే ముందు మీ బాత్రూం పైపు ఎటు పోతుందో చూడండి. మూత తెరిచినప్పుడు ఎవ్వరూ లోపలికి దిగొద్దు, వంగి తల కూడా పెట్టొద్దు. గుంతలో విషవాయువు ఉంటది, దాంతో మనుషులు పోయిన సంగతులు పేపర్లలో చూస్తనే ఉన్నం. పొడుగాటి కర్రతో కొలవాలె, అంతే.

రెండు గుంతల పద్ధతి గురించి. ఇది మంచి పద్ధతి, నేను కట్టేది అదే. మధ్యలో చిన్న ఛాంబర్, అందులో వై ఆకారంలో రెండు దారులు. ఒక దారి ఇటుక పెట్టి మూసేస్తం. మొదటి గుంత నిండినంక ఆ ఇటుక ఇటు పెట్టి అటు తెరుస్తం. మూసిన గుంతని రెండేళ్ళు ముట్టొద్దు. అప్పటికి అది పొడి మట్టి అయితది, వాసన ఉండదు, పారతో తీసి చెట్లకు వేసుకోవచ్చు. మా జిల్లాలో గంగదేవిపల్లి ఉంది, పేరు వినే ఉంటవు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అక్కడికి వచ్చి, అట్ల మూసి ఉంచిన గుంతలోకి స్వయంగా దిగి ఎరువు తోడిండు. అంత పెద్ద అధికారి గుంతలో నిలబడ్డ ఫోటో పేపర్లల్ల వస్తే, అప్పటిదాకా నేను చెబితే నవ్వినోళ్ళు నా దగ్గరకొచ్చి "నిజంగ వాసన రాదా మేస్త్రీ?" అని అడిగిన్రు. మీ మామకి ఆ ఫోటో చూపించు. "ఎవడు తీస్తాడు" అన్నది ఆయన అసలు భయం. అది గుంత భయం కాదు, ఆ పని ఎవరి కులం చేయాలన్న లెక్క. బయటికి ఎవరూ అనరు గానీ ప్రతి ఇంట్లో ఉన్నది అదే. ఇంకో సంగతి కూడా చెప్పు: పచ్చి మలాన్ని మనిషితో ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. రెండేళ్ళు మూసి ఉంచిన గుంతలో ఉండేది మట్టి, దాన్ని ఇంటివాళ్ళే తీసుకోవచ్చు.

నల్లరేగడిలో నేను చేసేది: రింగుల చుట్టూ అడుగు మందం ఇసుక నింపుత. నేల ఉబ్బినా రింగు పగలదు, నీళ్ళకి దారి దొరుకుతది. గుంత వెడల్పు 3 బదులు 4 అడుగులు, లోతు తక్కువ. రింగులకి బెజ్జాలు ఉండాలె, పై రింగుకి మాత్రం వద్దు. గాలి పైపు అక్కర్లేదు, గ్యాస్ నేలలోకే పోతది. పైపు పెట్టి దానికి జాలీ కట్టకపోతే దోమలకి హాస్టల్ కట్టించినట్టే.

చేతిపంపుకి 10 మీటర్లు, అంటే 33 అడుగులు వదలాలె. కొత్త గుంతని పంపుకి దూరంగ, లెట్రిన్‌కి అవతలి వైపు తవ్వించు. పని ఎండాకాలంలోనే పెట్టుకోవాలె.

పల్నాటి కోడలు:

అన్నయ్యా, చాలా థ్యాంక్స్. మరిదికి చదివి వినిపించి, ఇద్దరం కలిసి చూశాం. మీరన్నట్టే బాత్రూం తూము లెట్రిన్ గుంతలోకే కలిపారు. రింగుల సందులు కూడా సిమెంటుతో పూడ్చేసి ఉన్నాయి, పైన కనిపించినంతవరకు. కర్రతో కొలిస్తే పై రింగు దాకా నీళ్ళే. బురద లాంటిది అడుగున కొద్దిగా తగిలింది, ఒక రింగు ఎత్తు కూడా లేదు.

బాత్రూం పైపు విప్పి, మోటారు పైపు ముక్క తగిలించి అరటి చెట్ల వైపు మళ్ళించాం. ఇంతకాలం ఆడవాళ్ళు ఇద్దరు వాడితేనే నిండిందని మామయ్య అనుకున్నారు కదా. కర్ర మీద బురద మరక చూసి ఏం మాట్లాడలేదు. సాయంత్రం మళ్ళీ ఆయనే వచ్చి "ఎంత దిగింది?" అని అడిగారు.

మా బేసిన్‌లో రెండు బకెట్లు కుమ్మరిస్తే గానీ పోదు. అదీ లోపమేనా?

గుంటూరు వాసి:

ఇంత తతంగం ఎందుకండీ? సెప్టిక్ ట్యాంకు కట్టించేయండి. ట్యాంకర్ వాడికి ఫోన్ చేస్తే వచ్చి లాగేసుకుని పోతాడు. ఇంకా గుంతలూ రింగులూ ఏంటి?

తాపీ మేస్త్రీ, వరంగల్:

గుంటూరు అన్నా, సెప్టిక్ ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్ళు ఎటు పోతాయి? దానికి కూడా మళ్ళా ఇంకుడు గుంత కావాలె. కట్టరు, మోరీలోకి వదులుతరు. మా ఊర్లో స్లాబ్ ఇళ్ళ ముందు మోరీ నల్లగ ఉండేది అందుకే. రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు తీయించకపోతే మలం కూడా ఆ నీళ్ళతోనే బయటికొస్తది. ట్యాంకర్ వాడు లాగింది ఎక్కడ పోస్తడో ఎప్పుడన్న వెనకాల బండేసుకుని పోయి చూసినవా? నేను చూసిన. చెరువు వెనకాల. డబ్బున్నోళ్ళ ఇంట్లోది లేనోళ్ళ పొలం గట్టున పడ్డట్టయింది.

చెల్లె, బేసిన్ సంగతి. పట్నంలో అమ్మే మామూలు బేసిన్‌కి వాలు తక్కువ, 10 లీటర్లు పోస్తే గానీ పోదు. రూరల్ ప్యాన్ అని దొరుకుతది, నిట్టనిలువుగా వాలు ఉంటది, లోపల నిలిచే నీళ్ళు కూడా 20 మిల్లీమీటర్లే. దానికి లీటరున్నర, రెండు లీటర్లు చాలు. నీళ్ళు తక్కువైతే గుంత మీద బరువు తక్కువ, మోసేటోళ్ళకి కష్టం తక్కువ. ఎట్లాగూ కొత్త ఛాంబర్ కడతవు కాబట్టి బేసిన్ కూడా అప్పుడే మార్పించు. ఫినాయిలు, యాసిడ్ గుంతలోకి కుమ్మరించకండి. కుళ్ళబెట్టే పురుగు చచ్చిపోతది, అప్పుడు నిజంగనే నిండుతది. చీపురు, కొంచెం సర్ఫు నీళ్ళు చాలు.

స్నానం నీళ్ళకి అరటి చెట్లే మంచిది. మా తెలంగాణలో ఇబ్రహీంపూర్ వంటి ఊర్లల్ల ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్విన్రు, మోరీలు ఎండిపోయినయి. కానీ మీ నల్లరేగడిలో అవి నిదానంగా పనిచేస్తయి, చెట్టు తాగినంత గుంత తాగదు.

రిటైర్డ్ ఏఎన్ఎం, రంపచోడవరం:

అమ్మాయ్, నువ్వు రాసిందంతా చదివాను. మామయ్య గారు, మరిది, మీ ఆయన, అందరూ ఎక్కడికి పోతారో రాశావు. మూడేళ్ళ బాబు ఎక్కడ కూర్చుంటాడో రాయలేదు.

నేను పనిచేసినన్నాళ్ళూ అందరూ దాటేసిన ప్రశ్న ఇదే. చంటిపిల్లల మలానికి దోషం లేదనుకుంటారు. గుడ్డతో తుడిచి దిబ్బ మీద వేస్తారు, లేదా వాకిట్లో కూర్చోబెట్టి మట్టి కప్పుతారు. నిజానికి విరోచనాలు తెచ్చే క్రిములు పిల్లల మలంలోనే ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే ఆ జబ్బులు ఎక్కువగా వచ్చేది వాళ్ళకే. ఆ దిబ్బ మీద కోడి కెలుకుతుంది, అదే కోడి అరుగెక్కుతుంది, అరుగు మీద ఇంకో పిల్ల పాకుతూ ఉంటుంది. ఒక ప్లాస్టిక్ పాటీ కొను. అందులోది లెట్రిన్‌లో పోసి, పాటీ కడిగిన నీళ్ళు కూడా అందులోనే పొయ్యి.

తర్వాత చేతులు. సబ్బుతో కడుక్కో అంటే అందరూ కడుక్కుంటున్నామనే అంటారు. నేను సబ్బు ఎక్కడుందో చూసేదాన్ని. స్నానాల గదిలో గూట్లో ఉంటే దొడ్డికెళ్ళొచ్చిన చేతికి అందదు. వంటింట్లో లేకపోతే అన్నం కలిపే ముందు ఎవరూ వెతుక్కుని తెచ్చుకోరు. సబ్బు ముక్కని ఉల్లిపాయల వల సంచిలో వేసి లెట్రిన్ తలుపు పక్కన మేకుకి తగిలించు, ఇంకో ముక్క పొయ్యి దగ్గర. సబ్బు ఖరీదనుకునే ఇళ్ళలో ఖాళీ వాటర్ బాటిల్‌లో నీళ్ళు పోసి, చిటికెడు బట్టల సబ్బు పొడి కలిపి, మూతకి సూదితో బెజ్జం పెట్టించేదాన్ని. పిల్లలకి అది ఆట, పిచికారీ కొట్టుకుని మరీ కడుక్కుంటారు. చేతులకి బూడిదా మట్టీ వద్దనేదాన్ని, ఆ మట్టి పెరట్లోదే కదా. అక్కడే కోళ్ళూ పిల్లలూ.

విరోచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. జింక్ మాత్రలు విరోచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. ఆశా దగ్గర ఉచితంగా ఇస్తారు. మూడో రోజే ఆపేసే ఇళ్ళు ఎన్నో. నులిపురుగుల మాత్ర అంగన్‌వాడీలో ఇచ్చే రోజు బాబుని తప్పక తీసుకెళ్ళు. ఆ పురుగుల్లో కొంకిపురుగు చెప్పుల్లేని కాలి చర్మం గుండా ఎక్కుతుంది. ఊరి వెనక సందు గురించి రాశావు కదా, అక్కడ ఆడుకునే పిల్లలకి చెప్పులు వేయించండి.

ఇంకొకటి, మీ గ్రూపులో చెప్పేటప్పుడు. ఊళ్ళని ఓడీఎఫ్, అంటే బహిరంగ మలవిసర్జన లేనివని ప్రకటించే రోజుల్లో తెల్లవారుజామున కమిటీలు ఈలలు వేసుకుంటూ తిరిగేవి, చెంబు పట్టుకున్నవాళ్ళకి దండలు వేసిన చోట్లూ ఉన్నాయి. నాకు అస్సలు నచ్చలేదు. చీకటి పడ్డాకే వెళ్దామని ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు తాగడం మానేసేవారు. మూత్రంలో మంటతో నా దగ్గరికొచ్చేవారు. ఈల వల్ల లెట్రిన్‌కి వెళ్ళినవాళ్ళని నేను చూడలేదు, దూరం వెళ్ళినవాళ్ళని చూశాను. మీ గ్రూపులో ఎవరికి గుంత పాడైందో, ఎవరింట్లో కుళాయి లేదో ఒక కాగితం మీద రాయించు. ఆ కాగితం పట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్ళండి. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో ఒక గుంత ఉన్నవాటిని రెండు గుంతలుగా మార్చడం కూడా పెట్టారు. ఒక్కరు వెళ్తే పంపించేస్తారు, పదిమంది సంతకాలతో వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

దివిసీమ రైతు:

మేస్త్రీ గారూ, మధ్యలో అడుగుతున్నా. మాలాంటి నీటి ఊట నేలల్లో ఏం చేయాలి?

తాపీ మేస్త్రీ, వరంగల్:

తమ్మీ, కిందికి కాకుండా పైకి కట్టాలె. గుంతని నేల మీద ఎత్తుగా లేపి చుట్టూ మట్టి కట్ట పోయాలె, గుంత అడుగుభాగం మూసి, చుట్టూ అడుగున్నరకి పైనే ఇసుక పోయాలె. గుంత లేస్తే గది కూడా లేస్తది, మెట్లు వస్తయి. మీ నాయనకి మోకాళ్ళ బాధ ఉంటే మెట్లకి కూడా పైపు పట్టించు. వేరే పోస్టు మొదలుపెట్టు, ఫోటోలు పెడితే చూసి చెబుత.

పల్నాటి కోడలు:

అమ్మా, పాటీ తెచ్చాం. అత్తయ్య దిబ్బ మీద వేసే అలవాటు మానడానికి కొంచెం పట్టింది. "మనవడిది కూడానా" అన్నారు. కోడి సంగతి చెప్పాక ఒప్పుకున్నారు, ఆవిడకి అరుగు మీద కోడి ఎక్కడం ముందు నుంచీ ఇష్టం లేదు.

గ్రూపులో కాగితం రాయించాను. ఎక్కువ ఇళ్ళలో మాలాగే స్నానం నీళ్ళు కలిపేశారు. కొన్ని ఇళ్ళలో గుంత బానే ఉంది, తలుపు ఊడిపోయింది, అంతే. ఒకావిడ ఇంట్లో గుంతే లేదు, బేసిన్ కింద పైపు మట్టిలో ఆగిపోయింది. ఫోటో తీసి బిల్లు పెట్టేశారన్నమాట. ఆమెది ముందు రాశాం. సచివాలయంలో దరఖాస్తు తీసుకున్నారు, రసీదు అడిగి తీసుకున్నాను.

మా గుంతలో నీళ్ళు రింగున్నర దాకా దిగాయి. మరిది ఇప్పుడు వాడుతున్నాడు, మా ఆయన రాత్రిళ్ళు. మామయ్య ఇంకా లేదు గానీ రెండో గుంతకి చోటు ఆయనే కొలిచి సున్నంతో గీశారు, చేతిపంపుకి 40 అడుగులు వచ్చింది. మిరప కోతలు అయ్యాక పని మొదలుపెడదామన్నారు. మూత విషయం అడగమన్నారు: మందపాటి ఒక్క బిళ్ళ పోయించాలా, రెండు ముక్కలుగానా?

తాపీ మేస్త్రీ, వరంగల్:

రెండు ముక్కలే చెల్లె. 4 అడుగుల బిళ్ళ ఒక్కటే పోస్తే ఇద్దరు మనుషులు లేపలేరు, పగులుతది. రెండంగుళాల మందం, లోపల కమ్ముల జాలీ, ఒక్కో ముక్కకి రెండు కొక్కేలు. సందుని సిమెంటుతో కాకుండా సున్నం మట్టితో పూడ్చు, తీసేటప్పుడు పగలగొట్టే పని ఉండదు. ఆ బరువుకి రింగు కుంగకుండా పై రింగు చుట్టూ మట్టి బాగా దట్టించాలె. పాత గుంత రింగుల సందులు అట్లనే ఉండనియ్యి, దాన్ని కదిలించొద్దు. దాని చుట్టూ ఇసుక పోయాలంటే మొత్తం తవ్వాల్సొస్తది. కొత్తది వాడుకలోకి వచ్చి, పాతది రెండేళ్ళు ఎండినంక అప్పుడు తీసి సరిచేయించు.